నందివర్ధనానికి సెట్‌బ్యాక్

మా ఊరి పేరు చెప్పను. చెబితే మీరు నవ్వుతారు. కాసేపటికి మీ ఊరి మున్సిపాలిటీ గుర్తొచ్చి ఆ నవ్వు మధ్యలో ఆగిపోతుంది. ఎవరి నవ్వయినా మధ్యలో ఆపడం నాకు ఇష్టం ఉండదు.

నా పేరు గౌరీపతి. మున్సిపల్ ఆఫీసుకు ఎదురుగా, మూతపడ్డ సోడా షాపు అరుగు మీద బల్ల వేసుకుని ముప్పై రెండేళ్లుగా అర్జీలూ దస్తావేజులూ రాస్తున్నాను. ఊళ్లో అందరూ నన్ను రాతబాబు అంటారు. ఆ ఎదురు బిల్డింగులో తెలివితక్కువ పని ఎంత జరిగితే నాకు గిరాకీ అంత. అందుచేత ఆఫీసర్ల తెలివిని నేను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే అలవాటు మా వంశంలో లేదు.

ఈ సంగతంతా మా కమిషనర్ విశ్వంభరం గారు ఏదో చల్లటి కొండ ఊరికి శిక్షణకు వెళ్లి రావడంతో మొదలైంది. వారం రోజుల శిక్షణ. దేని మీద శిక్షణో వెళ్లినాయనకీ తెలియదు, పంపినవాళ్లకీ తెలియదు. కానీ ఆయన దిగిన అతిథి గృహం ముందు ఒక నందివర్ధనం పొద ఉందట. ఆకు మధ్యలో పచ్చగా, అంచున తెల్లగా ఉంటుందట. ఏడాది పొడుగునా ఆకు రాల్చదట, పైగా పూలు పూస్తుందట. ఆయన ఆ పొద పక్కన నిలబడి పదకొండు ఫొటోలు తీయించుకున్నారు. తిరిగొచ్చిన మర్నాడే సర్క్యులర్ బయటికొచ్చింది.

"పట్టణ సుందరీకరణలో భాగముగా, ప్రతి గృహ యజమానియు తన ఆవరణయందు ద్వివర్ణ పత్రములు గల, సతతహరితమైన, పుష్పించు పొద ఒకటి పెంచవలెను. ఇతర పత్రములు గల నందివర్ధనాది పొదలు నిబంధనకు లోబరచబడును."

జనం ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. రెండు రంగుల ఆకుల నందివర్ధనం ఇంటికొకటి పెంచాలట, మొక్క మున్సిపాలిటీయే ఇస్తుందట అని విడమరచి చెప్పాను. ఓస్ ఇంతేనా అనుకుంటూ వెళ్లారు. పాపం, నేనూ అంతే అనుకున్నాను.

మా మున్సిపాలిటీలో మొక్కల సంగతి చూసే ఆఫీసరు పోస్టు పదకొండేళ్లుగా ఖాళీ. ఆ బల్ల మీద ఇప్పుడు జిరాక్స్ మిషను ఉంది. మరి ఈ పథకం ఎవరికి అప్పగించాలి? కమిషనర్ గారు ఒక పూటంతా ఆలోచించి, నేల మీద నిలబడి పైకి పెరిగేది ఏదైనా టౌన్ ప్లానింగ్ కిందికే వస్తుందని తేల్చారు. ఆ విధంగా మొక్కల బాధ్యత టౌన్ ప్లానింగ్ ఆఫీసరు దండపాణి గారి మీద పడింది.

దండపాణి గారు నిజాయితీపరుడు. ఇది నేను వెటకారానికి అనడం లేదు. లంచం తీసుకునేవాడైతే ఊరు ఇన్ని కష్టాలు పడేది కాదు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆయన చూసినవన్నీ ఇళ్లూ, గోడలూ, మేడలూను. రెండు రంగుల ఆకును చేతిలోకి తీసుకోగానే ఆయనకు అందులోనూ ఇల్లే కనిపించింది.

కల్యాణ మండపంలో జనాన్ని కూర్చోబెట్టి ఆయన అవగాహన సదస్సు పెట్టారు.

"ఇల్లు కట్టేవాడు నాలుగు పక్కలా ఖాళీ స్థలం వదలాలా, వద్దా?"

"వదలాలండి," అన్నారు జనం.

"ఆ ఖాళీని సెట్‌బ్యాక్ అంటాం. ఇప్పుడీ ఆకు చూడండి. పచ్చగా ఉన్నది కట్టడం. తెల్లటి అంచు సెట్‌బ్యాక్. చుట్టూ కనీసం నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. పచ్చదనం తెల్లదనంలోకి చొచ్చుకు వస్తే దాన్ని ఆక్రమణ కింద పరిగణిస్తాం."

వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. "ఆకు ఎంత వెడల్పు పెరగాలో మొక్క ఇష్టం కదండీ. మేం చెబితే వింటుందా?"

"మొక్కకు యజమాని ఎవరు?"

"నేనేనండి."

"మీ ఇంట్లో అద్దెకున్నవాడు గోడ కట్టేస్తే నోటీసు ఎవరికి వస్తుంది?"

ఆయన కూర్చున్నాడు. ఆ రోజునుంచీ మా ఊళ్లో ఆకులకు ప్లాను అప్రూవల్ మొదలైంది. దరఖాస్తుతో పాటు మచ్చుకు మూడు ఆకులు, మూడేసి కాపీలు చొప్పున జతపరచాలి. జిరాక్సులు చెల్లవు, ఒరిజినల్ ఆకులే కావాలి. తొమ్మిది ఆకులు కోసేసరికి చాలా మొక్కలకు మిగిలింది నాలుగో అయిదో. ఫైళ్లు టేబుళ్లు దాటేలోపు లోపలి ఆకులు ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. అప్పుడు ఇంకో నోటీసు: "మీరు మూడవ రంగును అనుమతి లేకుండా చేర్చియున్నారు. సంజాయిషీ ఇవ్వవలెను." ఆ నెల నాకు భోజనానికి ఇంటికెళ్లే తీరిక కూడా లేకపోయింది. సంజాయిషీల మీద సంజాయిషీలు రాశాను. దేవుడు ఉన్నాడనిపించింది.

ఆ నమ్మకం పైడమ్మకు నోటీసు వచ్చేదాకా నిలిచింది.

పైడమ్మది మా పక్కిల్లు. అరవై దాటిన మనిషి, పెనిమిటి పోయి ఇరవై ఏళ్లయింది. కాపరానికి వచ్చిన ఏడు ఆమె పెరట్లో నాటిన ముద్ద నందివర్ధనం ఇప్పుడు గోడ దాటి పైకి వచ్చింది. ముదురు పచ్చ ఆకు. తెల్లవారేసరికి ఆ ఆకు కనబడకుండా తెల్లటి పువ్వు. పైడమ్మ చీకటుండగా లేచి పూలు కోసి, మాలలు కట్టి, శివాలయం మెట్ల మీద అమ్ముకుంటుంది. ఆమె పొయ్యి వెలగాలంటే ఆ చెట్టు పుయ్యాలి. అంతకు మించి ఆమెకు వెనకా ముందూ ఏమీ లేదు.

దండపాణి గారు ఒక ఉదయం టేపు పట్టుకునే అప్పలసూరిని వెంటబెట్టుకుని ఆ పెరట్లోకి వచ్చారు. అప్పలసూరి ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా టేపు రెండో కొస పట్టుకుంటున్నాడు. నేను గోడ ఇవతల పళ్లు తోముకుంటున్నాను.

"ఇదేమిటి?" అన్నారు దండపాణి గారు.

"నందివర్ధనం. తవరికి తెల్దా బాబూ?" అంది పైడమ్మ.

అప్పలసూరి ఒక ఆకు పట్టుకుని స్కేలు ఆనించాడు. "తూర్పు అంచు సున్నా సార్. పడమర అంచూ సున్నాయే."

దండపాణి గారు ఇంకో ఆకు చూశారు. మరో కొమ్మ వంచి చూశారు. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. "అంగుళం వదల్లేదు. మొత్తం కట్టేశారు. ఒక్క ఆకు కాదు, చెట్టు చెట్టంతా ఇంతే. ఇంత పచ్చి ఉల్లంఘన నా సర్వీసులో చూడలేదు."

"ఏటి బాబూ అలగంతారు? రెండు రంగులుండాలన్నారు గదా. ఆకు పచ్చన, పువ్వు తెల్లన. రెండు రంగులూ కనపడతన్నాయి కదేటి?"

"పువ్వు తాత్కాలిక నిర్మాణం," అన్నారు దండపాణి గారు ఓపిగ్గా. "పెళ్లికి వేసిన పందిరి లాంటిది. పందిరి వేసి ఇల్లు కట్టానంటే ఒప్పుకుంటామా?"

పదిహేను రోజుల్లో ఆ అనధికార పచ్చదనాన్ని క్రమబద్ధీకరించుకోవాలి, లేకపోతే చెట్టును మొదలంటా తొలగిస్తాం అని నోటీసు ఇచ్చి వెళ్లారు. పైడమ్మ ఆ కాగితాన్ని గోడమీదుగా నాకు అందించింది. చదివి చెప్పాను. ఆమె చెట్టువైపు చూసింది, నావైపు చూసింది.

"నువ్వున్నావు గదా రాతబాబూ," అంది. అర్జీ రాసేవాడి మీద మనుషులకు ఇంత నమ్మకం ఉండకూడదు.

నేను నా విద్యంతా చూపించి రాశాను. సదరు చెట్టు ఈ నిబంధన పుట్టక మునుపు నలభై ఏళ్లనాటిదనీ, పాత కట్టడాలకు కొత్త నిబంధన వర్తించదనీ. వారంలో జవాబొచ్చింది. "చెట్టు పాతదని అంగీకరించడమైనది. అయితే ఆకు కొత్తది. ఈ సంవత్సరము చిగిర్చిన ఆకు ఈ సంవత్సరపు నిబంధనకు లోబడవలెను." నేను ఆ జవాబు రెండుసార్లు చదివి లోలోపల నమస్కారం పెట్టుకున్నాను. అంత పకడ్బందీ వాక్యం నేనూ రాయలేను.

అయితే చివర ఒక వెసులుబాటు ఇచ్చారు. అంచు లేని ఆకులకు యజమానులు సొంతంగా సున్నం వేసి క్రమబద్ధీకరించుకోవచ్చు. ఇంకేముంది, ఊళ్లో గోడలకు సున్నం కొట్టే మనుషులు దొరకలేదు. అందరూ సన్న కుంచెలు పట్టుకుని పెరళ్లలో చతికిలబడి ఆకులకు అంచులు దిద్దుతున్నారు. ముగ్గులు బాగా పెట్టే ఆడవాళ్లకు ఇరుగుపొరుగు ఇళ్లనుంచి పిలుపులు వచ్చాయి. ఆషాఢంలో ఒక రాత్రి గట్టి వాన కొట్టింది. తెల్లారేసరికి ఆకులన్నీ కడిగిన కంచాల్లా ఉన్నాయి. వీధి కాలవలు పాల మాదిరిగా పారాయి. సెట్‌బ్యాక్‌ను మురుగు కాలవలోకి వదిలినందుకు ఒక్క మా వీధికే పదహారు నోటీసులొచ్చాయి.

పైడమ్మ మాత్రం కుంచె ముట్టుకోలేదు. "సున్నం పూస్తే కొమ్మ సచ్చిపోద్ది. సావకపోయినా ఆ పువ్వు తీసికెల్లి సివుడి నెత్తిన సున్నం ఎట్టమంతావా?" అంది. నేను గడువు పెంచమని అర్జీ పెట్టాను. నెల రోజులు పెంచారు. అది తీరాక ఇంకో అర్జీ పెట్టి ఇంకో నెల సంపాదించాను. నా చేతనైన విద్య అదొక్కటే, వాయిదా.

ఈలోగా నా సొంత మొక్కకే ఆపద వచ్చింది. రెండు రంగుల మొక్కకు ఒక గుణం ఉంది. ఉన్నట్టుండి మొదట్లోంచి నిఖార్సయిన పచ్చ కొమ్మ ఒకటి తన్నుకొస్తుంది. మిగతా కొమ్మలకంటే బలంగా, తొందరగా పెరుగుతుంది. అది చూసి నేను సంతోషించాను. దండపాణి గారు చూసి అప్పలసూరితో, "అనుమతి లేని రెండో అంతస్తు, పడగొట్టు," అన్నారు. అప్పలసూరి నావైపు చూడకుండా కత్తిరించేశాడు. ఊళ్లో అన్ని మొక్కలకూ ఇదే వైద్యం చేశారు. బలంగా ఉన్న కొమ్మల్ని కొట్టేసి నీరసంగా ఉన్నవాటిని పెంచడం మా ఆఫీసులో కొత్తేం కాదు కనక ఎవరికీ వింతగా అనిపించలేదు.

శ్రావణమాసంలో అసలు విశేషం జరిగింది. కమిషనర్ గారి బంగళా ముందున్న మొక్కకు ఒక కొమ్మ పూర్తిగా తెల్లగా వచ్చింది. ఆకు మొత్తం తెలుపే, పచ్చదనం చుక్క కూడా లేదు. దండపాణి గారు చెప్పులు విడిచి దాని దగ్గరికి వెళ్లారని అప్పలసూరి నాతో చెప్పాడు. స్కేలు తీయబోయి, కొలవడానికి ఏమీ లేదని గ్రహించి, మళ్లీ జేబులో పెట్టుకున్నారట.

"సార్, ఇది నూరు శాతం ఓపెన్ స్పేస్," అన్నారట.

కమిషనర్ గారు మర్నాడే రెండో సర్క్యులర్ ఇచ్చారు. ఆ కొమ్మ పట్టణానికి ఆదర్శం. ప్రతి యజమానీ వారానికి పాతిక శాతం చొప్పున పచ్చ ఆకును తొలగించి సంపూర్ణ శ్వేతస్థితికి చేరుకోవాలి. ఆదర్శంగా ఉంటుందని ముందు బంగళా మొక్కకే పచ్చ ఆకులన్నీ గిల్లేశారు.

ఆ వేళ సాయంత్రం పైడమ్మ గోడమీదనుంచి నా మొక్కను చూసి నాలుక చప్పరించింది.

"పచ్చాకు వంటమనిసి రాతబాబూ. ఎండలో నిలబడి అదే వండి పెడతాది. తెల్లాకు సుట్టం, కూకుని తింతాది. అంచంత సుట్టం ఉంతే పరవానేదు. వంటమనిసిని తరిమేసి ఇంటినిండా సుట్టాల్ని ఎట్టుకుంతే ఎవులేటి తింతారు?"

ఈ మాట నాకు బాగా నచ్చి, ఆమె పేరు రాయకుండా అర్జీలో పెట్టాను. "వంటమనుషుల నియామకము ఈ శాఖ పరిధిలోనికి రాదు," అని జవాబు వచ్చింది.

భాద్రపదం వచ్చేసరికి ఊళ్లో మొక్కలన్నీ ఆదర్శానికి చేరుకున్నాయి. మిగిలిన కాసిని తెల్లటి ఆకులు ముందు మాడి, తర్వాత వాడి, ఆపైన రాలిపోయాయి. బంగళా ముందు ఒక పుల్ల నిలబడి ఉంది. మా ఇంట్లోనూ అలాంటిదే ఒకటి. ఆకు రాల్చిన మొక్కలకు నోటీసులు ఇవ్వాలా వద్దా అన్నది ఆఫీసులో చర్చకు వచ్చింది. బంగళా మొక్కకు కూడా ఇవ్వాల్సి వస్తుందని తెలిసి ఆ చర్చను వాయిదా వేశారు.

సరిగ్గా అప్పుడే పై నుంచి కబురొచ్చింది. మా ఊరి పథకం సంగతి విని, అవార్డుకు పరిశీలించడానికి ముగ్గురు పెద్దల కమిటీ వస్తోంది. ఎల్లుండే. వాళ్ల దగ్గరున్న కాగితంలో ఉన్న మాట ఒకటే: పుష్పించు పొదలు.

కమిటీ వచ్చే దారి పొడుగునా నలభై ఇళ్లున్నాయి, నలభై పుల్లలున్నాయి. పువ్వన్నది ఊరు మొత్తం మీద ఒక్క పైడమ్మ పెరట్లోనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం దండపాణి గారు టేపు లేకుండా ఆమె ఇంటికి వచ్చారు. ఆయన్ను టేపు లేకుండా చూడటం నాకదే మొదలు. ఏదో పోగొట్టుకున్న మనిషిలా ఉన్నారు.

"రేపు తెల్లవారి పూలన్నీ కావాలి. ఆ మొక్కలకు కట్టాలి. మీరే కట్టాలి, మీకు అలవాటు కదా."

"కడతాను బాబూ. కట్టడమే గదా నా పని. మరి నా సెట్టు?"

"చెట్టు జోలికి రాం. మాట ఇస్తున్నాను."

ఇక్కడే నేను కల్పించుకున్నాను. నోటిమాట చెల్లదు, కాగితం కావాలి అన్నాను. బల్ల తెచ్చి ఆమె గుమ్మంలోనే వేసుకుని రాయడం మొదలుపెట్టాను. అంతటి ఆఫీసరు నా కలం వైపు చూస్తూ నిలబడి ఉంటే నాకు పూనకం వచ్చింది. దస్తావేజు పద్ధతిలో హద్దులతో సహా దిట్టంగా రాశాను. "తూర్పు: మునిసిపల్ కుళాయి. దక్షిణం: నుయ్యి. పడమర: ప్రహరీ గోడ. ఉత్తరం: పైడమ్మ వంటిల్లు. ఈ నాలుగు హద్దుల మధ్యనున్న నందివర్ధనపు పొద యొక్క పుష్పములు పథకమునకు అత్యావశ్యకములైనందున, సదరు పొదను ఎట్టి పరిస్థితులలోను తొలగించరాదు." అత్యావశ్యకములు అన్న మాట దగ్గర కాస్త ఆగి, నాకు నేనే శభాష్ అనుకున్నాను. సాయంత్రానికల్లా కమిషనర్ గారి సంతకంతో ఆర్డరు వచ్చింది. పైడమ్మ దాన్ని కళ్లకద్దుకుని దేవుడి పటం వెనక పెట్టింది.

కమిటీ వచ్చింది. పెద్దాయన మొదటి పుల్ల దగ్గర ఆగారు. పుల్లంతా తెల్లటి పువ్వులు. దారం కనబడకుండా ముడి వేయడం పైడమ్మకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదు.

"ఆకులేవీ?" అన్నారు పెద్దాయన.

దండపాణి గారు గొంతు సవరించుకున్నారు. "పట్టణంలో పత్ర కట్టడాలను దశలవారీగా తొలగించి సంపూర్ణ ఓపెన్ స్పేస్ సాధించాం సార్. పుష్పాన్ని మాత్రమే అనుమతించాం."

పెద్దాయన చాలాసేపు తల ఊపారు. మిగతా ఇద్దరు రాసుకున్నారు. అవార్డు మా ఊరికే వచ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే పైడమ్మ పెరట్లో చప్పుడైంది. అప్పలసూరి పెద్ద బుట్ట పట్టుకుని పూలు కోస్తున్నాడు. ఇదేంటని అడిగితే తలవంచుకుని ఆర్డరు చూపించాడు. నేను రాసిన దాని కింద కమిషనర్ గారు స్వహస్తాలతో ఒక ముక్క చేర్చారు. నేను ఆ రోజు సంతకం చూసి మురిసిపోయి ఆ ముక్క చదవలేదు. "ఆమోదించడమైనది. అత్యావశ్యకములైన సదరు పుష్పములను ప్రతిదినము పథకమునకే కేటాయించవలెను." అవార్డు వచ్చింది కనక చూడటానికి పక్క ఊళ్లవాళ్లు వస్తారట. పుల్లలకు రోజూ కొత్త పూలు కట్టాలి.

పైడమ్మ వచ్చి నా బల్ల ఎదురుగా కూర్చుంది.

"సెట్టు నాకొగ్గీసి, పువ్వు ఆలకి రాసిచ్చీసినావు రాతబాబూ."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నాకు సిగ్గేసింది. ముప్పై రెండేళ్లుగా ఇతరుల కష్టాలకు మంచి మాటలు వెతికి బతికినవాణ్ని, నా బడాయికి ఒక మాట వెతికి ఆమె నోటి దగ్గర కూడు తీసేశాను. దాన్ని రద్దు చేయమని మూడు అర్జీలు పెట్టాను. అవార్డు సంబరాల్లో ఉన్నామని జవాబు వచ్చింది.

పన్నెండు రోజులు ఆమె తన పెరట్లో తన పూలను అప్పలసూరి కోసుకుపోవడం చూసింది. పదమూడో రోజున దేవుడి పటం వెనకనుంచి ఆ ఆర్డరు తీసుకుని వచ్చింది.

"సదువు. హద్దులెక్కడెక్కడ రాసినావు?"

చదివాను.

"అంతే గోడవతల సెట్టుంతే?"

"దానికీ ఈ కాగితానికీ సంబంధం లేదు."

"కొమ్మ కొట్టకూడదని రాసినావేటి?"

మళ్లీ చూశాను. "చెట్టును తొలగించకూడదని రాశాను. కొమ్మల సంగతి రాయలేదు."

"మంచి పని సేసినావు," అంది. ఆ కాగితం విషయంలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

మర్నాడు అప్పలసూరి పూలు కోసుకుని వెళ్లేసరికి సన్నగా జల్లు పడుతోంది. పైడమ్మ కత్తి తీసుకుని నలభై ఏళ్ల చెట్టును కొమ్మ కొమ్మా కొట్టింది. కొట్టిన చోటల్లా పాలు కారి ఆమె మోచేతులదాకా అంటుకున్నాయి. మధ్యలో ఒకసారి ఆగి, పమిటతో ముఖం తుడుచుకుని, మళ్లీ కొట్టింది. జానెడేసి ముక్కలు చేసి కట్ట కట్టింది. ఆ కట్ట నేను మోశాను. మా వీధిలోనూ, పక్క రెండు వీధుల్లోనూ నలభై ఇళ్లకు తిరిగి, చచ్చిన పుల్ల పక్కనే ఒక్కో ముక్క గుచ్చింది. "నీల్లు పొయ్యండమ్మా. పూసినాక మీ పూజకి తీసుకుని, మిగిలింది నాకొగ్గండి," అని ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. ఎవరూ కాదనలేదు.

తర్వాతి రోజు తెల్లవారుతూనే బుట్టతో వచ్చిన అప్పలసూరి మోకాలెత్తు మోడును చూసి పరుగున వెళ్లి దండపాణి గారిని తీసుకొచ్చాడు.

"చెట్టేదీ?" అన్నారు ఆయన.

"అదిగో బాబూ. తీసీనేదు. ఎక్కడున్నది అక్కడే ఉంది."

"మరి పువ్వులు?"

"పుయ్యాలని ఆర్డర్లో లేదు సార్," అన్నాను నేను వినయంగా.

ఆయనకు కోపం రాబోయింది. అంతలో కళ్లు మోడు మీద పడ్డాయి. చుట్టూ తిరిగారు, వంగి చూశారు. ఒక్క ఆకు లేదు. కట్టడం సున్నా. ఆయన ముఖం మెల్లగా విప్పారింది. ఆక్రమణను స్వచ్ఛందంగా తొలగించిన మొదటి పౌరురాలని పైడమ్మను మెచ్చుకున్నారు. వారం తిరక్కుండా ఆ మోడుకు ఒక బోర్డు తగిలించారు: "నూరు శాతం ఖాళీ స్థలము సాధించిన పొద."

ఆ కార్తీకమాసం పైడమ్మ నందివర్ధనం అమ్మలేదు. ఏడాది మొత్తానికి ఆమెకు నాలుగు రాళ్లు కనిపించేది ఆ ఒక్క నెలలోనే. శివాలయం మెట్ల మీద వేరేవాళ్ల బంతిపూలకు కూలికి మాలలు కట్టింది. నేను సోమవారాల్లో గుడికి వెళ్లడం మానేశాను. వెళ్తే ఆ మెట్లే ఎక్కాలి.

పుల్లల్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. దండపాణి గారు తనిఖీకి వచ్చినప్పుడల్లా, "ఆకు లేదు, అభ్యంతరం లేదు," అని రాసుకుని వెళ్లారు. చిగురు పెట్టే వేళకు ఆయన అవార్డు సన్మానాల్లో ఊరూరా తిరుగుతున్నారు. మూడు నెలలపాటు మా ఊళ్లో మొక్కల్ని పట్టించుకున్నవాడు లేడు. అందుకేనేమో అవి బ్రహ్మాండంగా పెరిగాయి.

మార్చి నెలాఖరులో వార్షిక నివేదిక పంపాలి. ఎన్ని పొదలు బతికి ఉన్నాయి, ఎన్ని పుష్పించాయి, ఎన్నింటికి రెండు రంగులు? దండపాణి గారు అప్పలసూరితో మళ్లీ వీధుల్లోకి వచ్చారు. నలభై ఇళ్లలో నలభై నందివర్ధనాలు మోకాలెత్తున, పచ్చటి ఆకులతో, తెల్లటి పూలతో ఉన్నాయి. ఆయన స్కేలు తీసి, ఒక ఆకుకు ఆనించబోయి ఆగిపోయారు. మొత్తం ఆక్రమణే అని రాస్తే అవార్డు వెనక్కి పోతుంది. పచ్చదనం లేదని రాయడానికి కళ్లు ఒప్పుకోవు.

మర్నాడు ఉదయం ఆయన నా బల్ల దగ్గరికి స్వయంగా వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గౌరీపతి గారూ, నాకొక ఆలోచన వచ్చింది. ఆకు పచ్చన. పువ్వు తెల్లన. అంటే రెండు రంగులే కదా?"

నేను కలం కింద పెట్టాను. "ఎంతసేపు ఆలోచిస్తే వచ్చిందండీ ఇది?"

"నిద్ర లేదు. దీన్ని ప్రతిపాదనగా మంచి భాషలో రాసిపెట్టాలి. పుష్పాన్ని ఆకుకు బయట వదిలిన సెట్‌బ్యాక్‌గా పరిగణించవచ్చని."

రాశాను. చివర మాత్రం ఒక వాక్యం నా అంతట నేనే చేర్చాను: ఈ సంగతి మొదట తెలియజేసినది పైడమ్మ అను పూలమ్మే ఆమె. దండపాణి గారు చదువుతూ అక్కడికి వచ్చి, నా కలమే తీసుకుని ఆ వాక్యం కొట్టేశారు. "ప్రతిపాదనల్లో మూడో మనుషుల పేర్లు ఉండకూడదు," అన్నారు. కాగితం పైకి వెళ్లింది. కమిషనర్ గారికి ప్రమోషన్ వచ్చింది. దండపాణి గారి ఆలోచన మీద ఇప్పుడు పక్క జిల్లాలవాళ్లు శిక్షణకు వస్తున్నారు.

ఈ వార్త చెబుదామని పైడమ్మ ఇంటికి వెళ్లాను. పాత మోడు కూడా చిగిర్చి బోర్డును సగం కప్పేసింది. నాలుగు పూలు పూసి కింద రాలి ఉన్నాయి. వాటి జోలికి ఆమె వెళ్లదు, అవి పథకానివి. నలభై ఇళ్లనుంచి తెచ్చిన పూలు గుమ్మంలో తడిగుడ్డ మీద పోసి, మాల కడుతోంది. కొట్టేసిన వాక్యం సంగతి చెప్పేటప్పుడు నా గొంతులో కోపం నాకే వినిపించింది. ఆమె చేతులు ఆపకుండా వింది.

"ఆ కాయితంలో నా పేరు నేదా?"

"లేదు పైడమ్మా. ఎక్కడా లేదు."

ఆమె చివరి ముడి వేసి, దారం పళ్లతో తెంపింది.

"బతికిపోనాను."